రెండో దీపం

పోయిన నెల, నాతోపాటు బడిలో పనిచేసి రిటైరైన ముగ్గురు టీచర్లతో కలిసి సోమశిల వెళ్ళాను. స్నానం, దర్శనం, పడవ షికారు అన్నీ అయ్యాక, ఎండ తగ్గేదాకా కూర్చుందామని కొల్లాపూర్ దారిలో కొత్తగా కట్టిన లాడ్జి ఒకటి కనిపిస్తే లోపలికి వెళ్ళాం. కౌంటరు పక్కన చిన్న బల్లమీద పింగాణీ దీపం ఒకటి పెట్టి ఉంది. పొట్ట దగ్గర లావుగా, మెడ దగ్గర సన్నగా, చుట్టూ పచ్చటి ఆకులు ఒకదాని మీద ఒకటి అతికించినట్టు ఉబ్బెత్తుగా, పైన ఇత్తడి బిరడా, దానిపైన గుడ్డ గొడుగు. నేను మంచినీళ్ళయినా తాగకుండా తిన్నగా వెళ్ళి దాన్ని రెండు చేతులతో ఎత్తి, తలకిందులు చేసి అడుగు చూశాను. కౌంటరు వెనకనున్న మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. "మేడం, జర పైలం! అది ఇంగ్లండ్‌ది. మా ఓనరు హైదరాబాద్ నుంచి తెచ్చిండు. పగిల్తే నా నౌకరి వోతది" అన్నాడు. అడుగున కిరీటం బొమ్మ, దాని కింద ఇంగ్లీషు అక్షరాలు, పక్కన చిన్న అంకె స్పష్టంగా ఉన్నాయి. మేనేజరు చెప్పింది నిజమే. ఎక్కడిదక్కడ పెట్టేశాను. చీరల దుకాణంలో కొంగు మీద ధర చీటీ వెతికినట్టు అదేం చూపే అని నా స్నేహితురాళ్ళు నవ్వారు. వాళ్ళతోపాటు నేనూ నవ్వాను కానీ, తెచ్చిన టీ తాగబుద్ధి కాలేదు.

అలాంటి దీపం ఎక్కడ కనబడినా అడుగు తిప్పి చూడడం నాకు అలవాటైపోయింది. అడుగున ఏ ముద్రా లేని దీపం ఒకటి ఎక్కడో ఎవరింట్లోనో ఉండాలి, లేదా ఎప్పుడో పగిలి పెంటకుప్పలో కలిసిపోయి ఉండాలి. వనపర్తిలోని వకీలుగారి కొడుకులు, తండ్రి పోయాక ఇంటి సామానంతా తీసేసినప్పుడు, దాన్నీ దాని జతనూ కలిపి "ఇంగ్లండు దీపాలు" అని చెప్పి ఎవరికో ఇచ్చేశారు. అందులో ఒకటే ఇంగ్లండుది. రెండోది మా పెద్దనాయన చేసింది.

మాది గోపాల్‌పేట దగ్గర ఒక చిన్న ఊరు. కుమ్మరి ఇల్లు. పెద్దనాయన, మా నాయిన ఒకే వాకిట్లో చెరో అర్రలో ఉండేవాళ్ళు. నాయినకు చక్రం పని అబ్బలేదు, కౌలుకు భూమి చేసేవాడు. పెద్దనాయనకు చక్రం తప్ప ఇంకోటి అబ్బలేదు. ఆయనకూ పెద్దమ్మకూ పిల్లల్లేరు కనుక నేను సగం వాళ్ళ పిల్లనే. మనిషి పొడుగు, సన్నం, మాట తక్కువ. ఆవంలో కాలిన కుండను వేలి కణుపుతో కొట్టి, తల ఒక పక్కకు వంచి వినేవాడు. నచ్చితే చెవి వెనక గోక్కునేవాడు, నచ్చకపోతే పక్కన పెట్టేవాడు. ఊళ్ళోకి ఎవరింటికైనా కొత్త అల్లుడు వచ్చి పెద్ద పెద్ద మాటలు చెబుతుంటే, అతను వెళ్ళిపోయాక "జర పచ్చిగున్నడు, ఇంకో ఆవం పెట్టాలె" అనేవాడు. పెద్దమ్మ నోరు దానికి పూర్తిగా వ్యతిరేకం. ఆమె తిట్లు పొద్దున బావి దగ్గర మొదలై, అన్నం వండేటప్పుడు కాసేపు ఆగి, మళ్ళీ మొదలయ్యేవి. అయితే ఆవం పేర్చేటప్పుడు మాత్రం ఒక్క మాట మాట్లాడేది కాదు. కుండలు వింటాయని భయం కాబోలు అనుకునేదాన్ని. తర్వాత తెలిసింది, పిడకల లెక్క తప్పుతుందని.

ప్రతి ఎండాకాలం వనపర్తిలో నాలుగైదు పెద్దిళ్ళకు మేమే మంచినీళ్ళ రంజన్లు చేర్చేవాళ్ళం. వకీలుగారిల్లు అందులో ఒకటి. నల్లకోటు వేసుకునే మనుషుల్లో నేను చూసిన మొదటి మనిషి ఆయన. కోటు విప్పితే మామూలు మనిషే, బనీనుకు చిల్లులుండేవి. ఇంటి నిండా పుస్తకాలు. హాల్లో పొడవాటి బల్ల, బల్ల రెండు కొసల్లో రెండు దీపాలు. వాళ్ళ నాన్నగారు హైదరాబాదులో ఇల్లు ఖాళీ చేసి పోతున్న ఒక ఇంగ్లీషు దొర దగ్గర వాటిని తీసుకున్నారట. మొదట్లో కిరసనాయిలుతో వెలిగేవి, కరెంటు వచ్చాక వాటికి వైరు పెట్టించారు. ఆ వైరుకే కాలు తట్టి, వకీలుగారే స్వయంగా ఒక దీపాన్ని కింద పడేశారు. ఆ సంగతి మాకు వకీలమ్మ చెప్పింది. ఆయన మాత్రం జీవితాంతం "వైరు గుంజింది" అనే చెప్పారు. కోర్టులో ఎన్ని వాదనలు నెగ్గారో తెలియదు కానీ ఈ వాదన మాత్రం ఇంట్లో ఎవరి దగ్గరా నిలబడలేదు.

నేను ఐదో తరగతి అయిపోయిన ఎండాకాలం అది. బండి మీద నుంచి రంజన్లు దించుతుంటే వకీలుగారు ఒక తువ్వాల మూట తెచ్చి అరుగు మీద విప్పారు. అందులో దీపం ముక్కలు.

"ఏమయ్యా, గిసువంటిది నువ్వు చేయగల్తవా?"

పెద్దనాయన ఒక ముక్క తీసుకుని విరిగిన అంచు చూశాడు. లోపల కూడా కొబ్బరిలా తెల్లగా ఉంది. మా మట్టి ఎరుపు. ఆయన ఆ అంచును నాలుకకు ఆనించాడు. గడపలో నిలబడ్డ వకీలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"నాలుకకు పట్టుకుంటున్నది సారూ. ఇది గూడ మన్నే" అన్నాడు పెద్దనాయన. తర్వాత అడుగు ముక్క తిప్పి ముద్ర చూసి, "ఇది చేసినోని పేరా?" అని అడిగాడు.

"కాదు. కంపెనీ పేరు."

"మరి చేసినోని పేరేడున్నది?"

వకీలుగారు కళ్ళజోడు సవరించుకుని ముక్క అంతా వెతికారు. కంపెనీ ముద్ర పక్కన కుంచెతో పెట్టిన చిన్న గీతలు రెండు కనిపించాయి. "రంగులేసినోడు ఎవరో గుర్తు పెట్టుకున్నట్టున్నడు, దినానికి ఎన్ని వేసిండో లెక్కకు" అన్నారు. పెద్దనాయన ఆ రెండు గీతల మీద బొటనవేలు పెట్టి చాలాసేపు రుద్దాడు. ఆ వేలు ఆడడం చూసి, ఈయన ఒప్పుకుంటాడని నాకు అప్పుడే తెలిసిపోయింది.

ఆ తర్వాత రెండు మూడు నెలలు ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆయన వనపర్తి పోయేవాడు, నన్ను వెంట తీసుకుని. వకీలుగారి దగ్గర కుండల పని గురించిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఉంది. ఆయన చదివి, తెలుగులో చెప్పేవారు. పెద్దనాయన అరుగు కింద మెట్టు మీద కూర్చుని వినేవాడు. ఆ ఆదివారాలు మా పెద్దనాయన జీవితంలో మంచి రోజులు. ఇంగ్లండులో స్టాఫర్డ్‌షైర్ అనే జిల్లా ఉందనీ, అక్కడ ఆరు ఊళ్ళు పక్కపక్కనే ఉన్నాయనీ, ఆ ఊళ్ళల్లో ఇంటింటికీ ఇదే పని అనీ వకీలుగారు చెప్పినప్పుడు, పెద్దనాయన మెట్టు మీదినుంచి లేచి నిలబడ్డాడు.

"ఊరు ఊరంత కుమ్మరోళ్ళేనా?"

"ఆరూళ్ళూ."

"అందరు కుమ్మరోళ్ళే అయితే కుండలు కొనెటోళ్ళెవ్వరు సారూ?"

వకీలుగారు పగలబడి నవ్వి, "మనమే" అన్నారు.

సీసాల ఆకారంలో ఆకాశమంత ఎత్తు బట్టీలుంటాయనీ, వాటి పొగకు పగలు కూడా దీపాలు పెట్టుకునేవాళ్ళనీ, తెల్లమట్టి దూరం నుంచి పడవల్లో వచ్చేదనీ, చెకుముకిరాయిని కాల్చి పొడిచేసి మట్టిలో కలిపేవాళ్ళనీ, ఆడవాళ్ళు బల్లల ముందు వరసగా కూర్చుని ఆకులకూ పూలకూ రంగులేసేవాళ్ళనీ విని, తిరిగొచ్చే దారంతా పెద్దనాయన అవే మాటలు మళ్ళీ చెప్పించుకునేవాడు. ఆయనకు చదువు రాదు. నేను నోటుబుక్కులో రాసుకొచ్చి చదివి వినిపించేదాన్ని. ఎన్నడూ చూడని ఆ ఆరూళ్ళ మనుషులు ఆయనకు దూరపు చుట్టాలయిపోయారు. "మనోళ్ళు" అనేవాడు. "మనోళ్ళు రాయి గూడ కాలుస్తరంట" అని పెద్దమ్మకు చెబితే, "ఆ మనోళ్ళ దగ్గరికే పో, అన్నం గూడ ఆడనే తిను" అనేది.

దీపం మెరుపు పూతలో ఉంది. ఆ పూత ఎలా కలపాలో వకీలుగారు ఒక ఆదివారం చదివి చెప్పారు. పలుగురాయి పొడి, వెలిగారం, పచ్చదనానికి రాగి చిట్టెం, అన్నిటికన్నా ఎక్కువగా సింధూరం. హనుమంతుడి విగ్రహానికి పూసేదే. నేను ఒక్కొక్కటీ గుండ్రటి అక్షరాలతో రాసుకున్నాను. వకీలుగారు పేజీ తిప్పారు, కొంచెంసేపు చూశారు, పుస్తకం మూసి "ఇంతే" అన్నారు. ఆ కొంచెంసేపు నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే ఆలోగా నేను సింధూరం కింద ఒక గీత గీశాను.

ఇక మొదలైంది పరేషాన్. గద్వాలలో పూజసామాను అమ్మే సేటు దగ్గరికి పెద్దనాయన మూడోసారి వెళ్ళినప్పుడు, "ఇంత సింధూరం ఎందుకయ్యా, ఎన్ని గుళ్ళు కడ్తున్నవ్?" అని సేటు అడిగాడట. పెరట్లో రేకుల కింద కూర్చుని బండమీద దాన్ని మెత్తగా నూరేవాడు, జల్లించేవాడు. కనుబొమలు, మీసాలు, చెవుల మీది వెంట్రుకలు అన్నీ ఎర్రబారిపోయేవి. "ఈన కుమ్మరి పనికి పోతుండా, ఆంజనేయుడైతుండా" అని పెద్దమ్మ గొణిగేది. మమ్మల్నెవర్నీ ఆ రేకుల కిందికి రానిచ్చేవాడు కాదు. మా గాలికి పొడి ఎగిరి దండగైపోతుందని భయం. నేను అడుగు పెడితే మొదటిసారి నా మీద అరిచాడు. నాకు ఏడుపొచ్చింది. ఆ పిసినారితనమే మా అందరినీ కాపాడిందని తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఆయన మాత్రం అవే చేతులతో రొట్టె తిన్నాడు, అవే చేతులతో బీడీ తాగాడు.

మొదట చేసినవన్నీ పోయాయి. పూత జారి అడుగున గడ్డ కట్టింది ఒకసారి, బొబ్బలు లేచింది ఒకసారి, పొగ తగిలి బొగ్గులా నల్లబడింది ఇంకోసారి. ఎర్రమట్టి మీద తెల్లసుద్ద పోస్తే ఆరిన తర్వాత పెచ్చులూడింది. మామూలు ఆవం పనికిరాదని పెరట్లో చిన్న బట్టీ కట్టుకున్నాడు. పొగ తగలకుండా దీపాన్ని ఒక కాగులో పెట్టి మూతకు మట్టి మెత్తి, ఆ కాగును బట్టీలో పెట్టాడు. రంజన్ల పని వెనకబడింది. రెండు ఎండాకాలాలు వనపర్తి ఇళ్ళకు వేరే ఊరి కుమ్మరివాళ్ళు రంజన్లు చేర్చారు. ఇంట్లో గొడవ. నాయిన కూడా ఒకసారి, "ఎవని మెప్పుకోసరమే అన్నా గిదంత?" అన్నాడు. పెద్దనాయన సింధూరం జల్లించుకుంటూనే ఉన్నాడు. ఆ రోజుల్లోనే ఆయనకు కడుపునొప్పి మొదలైంది. మెలికలు తిరిగిపోయేవాడు. పెద్దమ్మ దిష్టి తీసింది, వాము నమిలించింది. తగ్గేది, మళ్ళీ వచ్చేది. మొహం పాలిపోయి పచ్చి కుండ రంగులోకి వచ్చింది.

మూడో ఏడు ఒక పొద్దున కాగు మూత పగలగొట్టాడు. దీపం బయటికొచ్చింది. తడిసిన తమలపాకుల్లా ఆకులు మెరుస్తున్నాయి. పెద్దనాయన దాన్ని వేలి కణుపుతో కొట్టి, తల వంచి విని, చెవి వెనక గోక్కున్నాడు. పెద్దమ్మ తిట్టడం మరిచిపోయి, "అయ్యో, ఎంత సక్కగున్నదే" అంది. ఆ మాట కోసమే ఆయన మూడేళ్ళు కష్టపడ్డాడా అనిపించేలా ఆమె వైపు చూశాడు.

దీపం తీసుకుని మేమిద్దరం వనపర్తి వెళ్ళిన రోజు వకీలుగారింట్లో హైదరాబాదు నుంచి వచ్చిన ఎవరో పెద్దమనిషి ఉన్నాడు. వకీలుగారు దీపాన్ని ఒడిసిపట్టుకుని లోపలికి తీసుకెళ్ళి బల్ల కొసన పెట్టారు. కాసేపటికి ఆ పెద్దమనిషి గొంతు వినిపించింది: "జత చెడకుండా భలే కాపాడారండీ. రెండూ ఇంగ్లండువేనా?" వకీలుగారు, "రెండూ ఆణ్ణుంచి వచ్చినవే" అన్నారు. మెట్టు మీద కూర్చున్న పెద్దనాయన నా మోచేయి పట్టుకున్నాడు. ఆయనకు కోపం వచ్చిందనుకున్నాను. నవ్వాపుకుంటున్నాడు. దారిపొడుగునా నవ్వుతూనే ఉన్నాడు. "గుర్తువట్టలే బిడ్డా! అంత పెద్దమనిషికి గూడ తెల్వలే!" ఇంటికొచ్చి చెబితే పెద్దమ్మ మాత్రం ముద్ద కలిపే చెయ్యి ఆపి, "నీ పేరు చెప్పలేదంటే నవ్వుతున్నవా?" అంది. ఆయన, "చెప్తే జత చెడదా పిచ్చిదానా? మనోళ్ళు మాత్రం యాడ రాసుకున్నరు పేర్లు" అన్నాడు.

అదే ఆఖరి పని. నెల తిరగకముందే ఒక పొద్దున చక్రం మీద మట్టిముద్ద పెట్టి తిప్పి, కుడిచేత్తో అంచు లేపబోతే చెయ్యి లేవలేదు. మోచేయి లేచింది కానీ, మణికట్టు దగ్గరినుంచి చెయ్యి వాలిపోయి వేలాడుతోంది. ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి మట్టిమీద పెట్టాడు. మళ్ళీ వాలింది. చక్రం తిరిగి తిరిగి తనంతట తనే ఆగింది. వారంలో రెండో చెయ్యీ అలాగే అయింది.

నాయిన దవాఖానకు తీసుకెళ్ళాడు. వెంట నేనూ పెద్దమ్మా ఉన్నాం. డాక్టరు పెద్దనాయన పెదవి పైకి లేపి చిగుళ్ళు చూశాడు. పళ్ళ మొదట్లో సన్నటి నీలిగీత ఉంది.

"ఏం పని చేస్తవ్?"

"కుండలు సారూ."

"ఉత్త కుండలేనా? రంగులేమన్న?"

"సింధూరం."

డాక్టరు కలం కింద పెట్టి పెద్దనాయన మొహంలోకి చూశాడు. "అది సీసం తెల్సా? విషం. ఎన్నేండ్ల సంది నూరుతున్నవ్?" పెద్దనాయన నా వైపు చూశాడు, లెక్క నన్ను చెప్పమన్నట్టు. నేను మూడేళ్ళన్నాను. మందులిచ్చారు. ఎడమచెయ్యి రెండేళ్ళకు కొంత తిరిగొచ్చింది, చెంబు పట్టుకునేంత. కుడిచెయ్యి మళ్ళీ లేవలేదు. అన్నం పెద్దమ్మే తినిపించేది. అన్నాళ్ళు నోరు మూయని మనిషి, ముద్దలు పెట్టేటప్పుడు మాత్రం ఏమీ అనేది కాదు.

వకీలుగారు మా ఊరికొచ్చారు. అంతకుముందు ఎన్నడూ రాలేదు. పళ్ళు తెచ్చారు, మా నులకమంచం మీద కూర్చున్నారు, పెద్దనాయన వాలిన చేతిని తన చేతుల్లోకి తీసుకున్నారు, కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. వెళ్ళేముందు నన్ను చూపించి, "ఈ పిల్లను వనపర్తిల చదివిస్త. హాస్టలు సంగతి నేను చూసుకుంట" అన్నారు. అన్నట్టే చేశారు. పుస్తకాలు, ఫీజులు, చివరికి టీచరు ట్రైనింగు దాకా అన్నీ ఆయన చలవే. పెద్దనాయనకు అది చెప్పుకోలేనంత గొప్ప. ఇంటికి ఎవరొచ్చినా వాకిట్లో కూర్చోబెట్టుకుని, "వకీల్‌సాబ్ అగో, ఆ మంచం మీదనే కూసున్నడు. నా చెయ్యి పట్టుకున్నడు" అని చెప్పేవాడు. అంత పెద్ద మనిషి తనను ఒక పనిమంతుడిగా గుర్తించాడన్నదొక్కటే ఆయనకు మిగిలిన ఆస్తి. నేనూ అలాగే నమ్మాను. సెలవులకు ఇంటికెళ్ళే ముందు వకీలుగారి కాళ్ళకు దండం పెట్టి వెళ్ళేదాన్ని.

నాకు నాగర్‌కర్నూల్‌లో ఉద్యోగం వచ్చిన ఏడాది, కృతజ్ఞత చెప్పుకుందామని ఆయన దగ్గరికి వెళ్ళాను. అప్పటికి వకీలమ్మ లేదు. ఆయనకు చూపు మందగించింది. పుస్తకాలు లైబ్రరీకి ఇస్తాను, పేర్లు చదివి చెప్పమన్నారు. అల్మారా ముందు కూర్చుని ఒక్కొక్కటీ తీసి చదువుతుంటే ఆ లావుపాటి పుస్తకం చేతికొచ్చింది. చిన్నప్పటి ఆదివారాలు గుర్తొచ్చి, సంతోషంతోనే పూతల అధ్యాయం తెరిచాను. వకీలుగారు పెన్సిలుతో టిక్కులు పెట్టుకున్న కొలతలు, నేను రాసుకున్నవే, అలాగే ఉన్నాయి. పేజీ తిప్పాను. సీసం పూతల్లో దీపాలనూ పళ్ళేలనూ ముంచి తీసే పనివాళ్ళ గురించి అక్కడ ఒక పేరా ఉంది. వాళ్ళలో చాలామంది ఆడవాళ్ళు, చిన్నవయసు వాళ్ళు. కడుపునొప్పి, పాలిపోవడం, చిగుళ్ళ మీద నీలిగీత, ఆ తర్వాత మణికట్టు దగ్గర చేతులు వాలిపోవడం. పొడి పీల్చకూడదు, ఆ చేతులతో తినకూడదు అని కూడా రాసి ఉంది. ఆ పేరా పక్కన, పైనుంచి కిందిదాకా, పెన్సిలు గీత. అదే పెన్సిలు.

నేను ఆ పేరా పైకి చదివాను, ఇంగ్లీషులోనే. వకీలుగారు కదలకుండా విన్నారు. చదవడం అయిపోయాక, "మీరిది అప్పుడే చదివిన్రా?" అని అడిగాను.

ఆయన కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. తర్వాత, "చదివిన" అన్నారు.

"మరి చెప్పలేదేంది?"

"చెప్తే భయపడి ఇడ్సిపెడ్తడనుకున్న. అది దినాం చేసెటోళ్ళ సంగతి గద, ఈన చేసేది ఒక్క దీపం, ఏమైతది లే అనుకున్న. ఒక్కదానికి మూడేండ్లు నూర్తడని నేను కలగన్ననా?" మళ్ళీ ఆయనే అన్నారు: "నిన్ను చదివించింది గందుకేనమ్మా. నాకు నిద్ర పట్టక."

నేను లేచి వచ్చేశాను. ఆయన వెనకనుంచి నా పేరు పిలిచారు. ఆయన నేర్పించిన ఇంగ్లీషుతోనే ఆ పేజీ చదివానన్న మాట బస్సులో కూర్చున్నాక గాని నాకు తట్టలేదు. ఉద్యోగం, జీతం, కట్టుకున్న చీర, చేతిలో సంచీ, అన్నీ ఆ పెన్సిలు గీత నుంచే వచ్చాయి. గోపాల్‌పేట రాకముందే దిగి మిగతా దారి నడిచాను.

తిన్నగా పెద్దనాయన దగ్గరికే వెళ్ళాను. ఇప్పుడు తలచుకుంటే ఒక రోజు ఆగి ఉండాల్సిందనిపిస్తుంది. ఇరవై రెండేళ్ళ వయసులో నిజం ఆగదు, ముఖ్యంగా అది మన చేతికి దొరికిన మొదటి పెద్ద నిజమైతే. ఆయన వాకిట్లో ఎండకు కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి సంబరంగా, "వకీల్‌సాబ్ ఎట్లున్నడు బిడ్డా? నన్ను అడిగిండా?" అన్నాడు. నేను మొత్తం చెప్పేశాను. ఆ పేరాను తెలుగు చేసి ఒక్కొక్క మాటా చెప్పాను, చిన్నప్పుడు నోటుబుక్కు చదివి వినిపించినట్టే.

ఆయన ఒక్కటే అడిగాడు. "ఆయన సదివిండా?"

"సదివిండు. గీత గూడ పెట్టుకున్నడు."

పెద్దనాయన ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు. నేను ఆయన కోప్పడతాడని, తిడతాడని, ఏడుస్తాడని చూశాను. ఏదీ చేయలేదు. "ఆడోళ్ళు, చిన్నపోరగాండ్లు అన్నవు గద" అన్నాడు. అంతే. పెద్దమ్మ లోపల పొయ్యి దగ్గర అన్నీ వింది.

ఆ రోజునుంచి ఆయన వకీల్‌సాబ్ పేరెత్తలేదు. మంచం కథ ఎవరికీ చెప్పలేదు. "మనోళ్ళు" అన్న మాట మళ్ళీ ఆయన నోట రాలేదు. ఇంటికొచ్చినవాళ్ళను పలకరించడం తగ్గించి, పొద్దంతా గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఏడాది తర్వాత వకీలుగారు మంచానపడి, ఒకసారి చూడాలని ఉందని మనిషిని పంపారు. రిక్షా కూడా మాట్లాడి పంపారు. పెద్దనాయన మంచంలోంచి లేవకుండానే, "పనున్నదని చెప్పు" అన్నాడు. పదేళ్ళుగా ముద్ద నోట్లో పెట్టుకోలేని మనిషి. వచ్చినవాడు ఉత్త రిక్షాతో వెళ్ళిపోయాడు. వకీలుగారు ఆ నెలలోనే పోయారు. పెద్దనాయన ఇంకో నాలుగేళ్ళు బతికాడు, బతికాడనడానికి ఊపిరి ఉంది కనుక.

ఆయన పదోరోజు కర్మ అయిపోయి అందరూ వెళ్ళాక, నేను పెద్దమ్మ పక్కన కూర్చున్నాను. ఓదారుస్తుందనుకున్నాను, నన్ను పెంచిన మనిషి కదా. ఆమె నా వైపు చూడకుండానే అంది:

"నీకెందుకుండెనే చెప్పుడు? చేతులు ఎట్లనో పోయె. వకీలు ఒక్కడుండె ఆయనకు, నన్ను మెచ్చినోడు అని చెప్పుకోనీకె. ఆ ఒక్కణ్ణి గూడ నువ్వు తీసుకపోతివి."

"అబద్ధం మీద బతుకమంటవా పెద్దమ్మా?" అన్నాను.

"బతుకుతుండె గద" అంది.

ముప్పై ఐదేళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పాను, నిజమే చెప్పాలని ప్రతి ఏడూ ఒక్కసారైనా బోర్డు మీద రాసి ఉంటాను. రాసిన ప్రతిసారీ సుద్దముక్క పట్టుకున్న చెయ్యి కొంచెం ఆగేది. పెద్దమ్మ తర్వాత నాతో మామూలుగానే ఉంది. నా పెళ్ళికి వచ్చింది, నా పిల్లల్ని ఎత్తుకుంది, తిట్టింది, కానీ పెద్దనాయన సంగతి మాత్రం నా దగ్గర మళ్ళీ ఎత్తకుండానే పోయింది. ఆయన పోయిన వయసు దాటి నేను చాలా దూరం వచ్చేశాను. చెప్పి తప్పు చేశానని కొన్నేళ్ళు, చెప్పకపోతే నిజం దాచిన ఇంకో వకీలునయ్యేదాన్నని కొన్నేళ్ళు నాతో నేనే వాదించుకున్నాను. ఈ మధ్య ఏ వాదనా రావడం లేదు, ఏదో ఒకటి తేలినందుకు కాదు, కాలం గడిచిపోయినందుకు.